కిలోన్నర చామంతులు

నలభై ఏళ్ళకు పైగా ఒక బరువు మోస్తున్నాను. కచ్చితంగా చెప్పమంటే కిలోన్నర. మనసులోని బరువుకు తూకమేమిటని మీరు నవ్వొచ్చు. నవ్వండి. దీన్ని నేను నిజంగానే తక్కెడలో పెట్టించి తూయించాను, అదీ తిరుపతి బజారులో నలుగురూ చూస్తుండగా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. నిజమే. ఎవరి బదిలీ ఆగింది, ఎవరి పెళ్ళిచూపులు బెడిసికొట్టాయి, ఇలాంటివి పొద్దున నా చెవిన పడితే సాయంత్రానికి కాలేజీ అంతా తెలిసిపోయేవి. అలాంటివాణ్ణి ఈ ఒక్క గింజను ఇన్నేళ్ళు నోట్లో ఎలా దాచుకున్నానో నాకే ఆశ్చర్యం. ఆవిడకూ చెప్పలేదు. ఎందుకు? భయమా? మొదట్లో భయమే. ఆ తర్వాత? తర్వాతిది ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు, ఇది రాస్తూ తెలుసుకోవాలని ఉంది. నా పేరు మాత్రం అడగొద్దు. మీరు వింటే చాలు.

డెబ్బైల చివర్లో తిరుపతిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు అసిస్టెంటుగా చేరాను. టెంపరరీ ఉద్యోగం. మా ప్రొఫెసరు గారిని అందరం గైడు సారు అనేవాళ్ళం. ఆయన ధ్యాసంతా కొండెక్కే బస్సుల మీద. జనం ఆ బస్సుల్లో కూర్చుని గోవిందలు కొడుతుంటే, ఈయన ఇంజను చప్పుడు వింటూ కూర్చునేవారు. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను మండిపోతుంది. లోపల పిస్టన్ తల మీద ఆ వేడీ, ఆ ఒత్తిడీ రెండూ కలిసి పడతాయి. అది అల్యూమినియం కలిపిన లోహం. ఒక్క రోజులో దానికేమీ కాదు. వేల సార్లు ఎక్కి దిగితే వెంట్రుకవాసి సాగుతుంది, వంగుతుంది. ఇంత వేడికి, ఇంత బరువుకు, ఇన్ని గంటలకు ఎంత సాగుతుందో ముందే చెప్పే ఒక లెక్క కావాలి. అది దొరికితే బస్సు మలుపులో మొరాయించక ముందే పిస్టన్ మార్చేయొచ్చు. ఇదీ ఆయన కల.

ఆ లెక్క కట్టాల్సినవాడు మునిరత్నం, ఆయన దగ్గర పీహెచ్డీ చేస్తున్న కుర్రాడు. సత్యవేడు దగ్గర పల్లె. నాకంటే మూడేళ్ళు చిన్న, అందుకని అన్నా అనేవాడు. లెక్క అతని పని, లోహాన్ని సాగదీయడం నా పని.

సాగదీసే మిషను గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పిస్టన్ లోహంతో చేసిన సన్నటి కడ్డీ ఒకటి కరెంటు పొయ్యి లోపల నిలబడి ఉంటుంది. దాన్ని పైనుంచి ఒక లీవరు లాగుతుంది, గడ్డపారతో బండ లేపినట్టు. లీవరు అవతలి చివర కొక్కెం, కొక్కేనికి ఆరు కిలోల రాళ్ళు. అక్కడ కిలో వేలాడితే ఇక్కడ కడ్డీ మీద పది కిలోలు పడుతుంది. కడ్డీ తెగితే రాళ్ళు ఎవరి కాళ్ళ మీదా పడకుండా కొక్కెం చుట్టూ తలుపున్న రేకు పెట్టె. దాని తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. పొయ్యి నెలల తరబడి ఆరకూడదు, రాళ్ళు కదలకూడదు. రోజుకు మూడుసార్లు నేను వెళ్ళి ముల్లు ఎంత తిరిగిందో చూసి రిజిస్టరులో రాయాలి. తేదీ, వేళ, వేడి, రీడింగు, చివర్న విశేషాలు అని ఒక గడి. ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

గైడు సారుది ఒకటే నియమం. కొక్కేన్ని ముట్టుకున్నవాడు మర్నాడు కాలేజీ గేటు ముట్టుకోడు. మాట వరసకు అన్నది కాదు. నాకంటే ముందున్నాయన ఒకరోజు తన టిఫిన్ క్యారియరును ఆ కొక్కేనికి తగిలించి రీడింగు రాసుకున్నాడట. నాలుగు గిన్నెల క్యారియరు, నిండా పులిహోర. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోనే నేను కూర్చున్నాను.

మొదటి కడ్డీ పెట్టి నలభై రోజులు కావస్తుండగా దసరా వచ్చింది. గైడు సారు అత్తగారింటికి వెళ్ళారు, మునిరత్నం ఊరికి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే మిగిలాను. ఆయుధపూజ చేయాల్సిన బాధ్యతా నాదే. లేతు మిషను, డ్రిల్లింగు మిషను, సుత్తులు, స్పానర్లు అన్నీ తుడిచి, గంధం, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాను. ఆ రోజు పనిముట్టుకు సెలవు, దాన్ని ముట్టకూడదు, అది మన చేత పూజలందుకోవాలి. అన్నింటికీ సెలవిచ్చాను. ఒక్క ఆ సాగదీసే మిషనుకు మాత్రం ఇవ్వలేను. పొయ్యి ఎర్రగా వెలుగుతోంది, కడ్డీ లాగించుకుంటోంది. నాకు చాలా జాలేసింది. పండగపూట కూడా చాకిరీ చేస్తున్నదానికి ఒక్క పువ్వయినా లేకపోతే ఎట్లా?

లేతు మిషను కోసం తెచ్చిన పెద్ద చామంతి దండ చేతిలోకి తీసుకున్నాను. ఒత్తుగా కట్టింది, నీళ్ళు చల్లి తెచ్చింది. పొయ్యి వైపు వేస్తే మాడిపోతుంది. ముల్లు మీద వేస్తే రీడింగు కనబడదు. రేకు పెట్టె తలుపు తీశాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకక్కడ కొక్కెం కనబడలేదు, దండ కోసం వంచిన మెడ కనబడింది. వేశాను. దణ్ణం పెట్టుకున్నాను. తలుపు మూశాను.

అక్కడ ఏదీ తగిలించకూడదని నాకు తెలియదా? రోజూ జపం లాగా తెలుసు. టిఫిన్ క్యారియరు బరువని తెలుసు, గొడుగు బరువని తెలుసు. దండను బరువని ఎవరనుకుంటారు? దేవుడి మెడలో వేసేదాన్ని ఏనాడైనా కిలోల్లో అనుకున్నామా? ఇప్పటికీ ఈ ఒక్కదానికి నన్ను నేను పెద్దగా తిట్టుకోను.

పూజ దండ దానంతటదే ఎండాలి గానీ మధ్యలో తీయకూడదని మా ఇంట్లో పట్టింపు. కాబట్టి తొమ్మిది రోజులు అలాగే ఉంచాను. రోజుకు మూడుసార్లు వెళ్ళి నిక్కచ్చిగా రీడింగులు రాశాను. అందరూ తిరిగొచ్చే రోజు పొద్దున ఎండిన దండ తీసి, ఎవరూ తొక్కని చోట మందారం మొదట్లో వేశాను. రిజిస్టరులో ప్రతి అంకె సత్యం. అబద్ధమంతా ఆ ఖాళీ గడిలో ఉంది.

మునిరత్నం ఊరినుంచి ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చాడు. అవి నా ముందు పోసి, గ్రాఫు కాగితం పరిచాడు. అతని మాటలు ఈనాటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అన్నా, ఈడ సూడు. కడ్డీ దినానికి ఎంత సాగినాదో సెప్పే గీత ఇది, నలభై దినాలు నా లెక్క పక్కనే నడిచినాది. ఈడికొచ్చి మెట్టెక్కినట్టు లేచింది. మళ్ళా మెల్లంగా తగ్గి పాత దారిలో పడింది. పండగ దినాల్లో ఏమన్నా జరిగిందా? ఎవురన్నా ఏమన్నా ముట్టుకున్నారా?"

అంతే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. దండ, నీళ్ళు, పది రెట్లు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చేతిలోని చెనక్కాయ వలిచాను. నోట్లో వేసుకున్నాను. నా పర్మనెంటు ఆర్డరు ఆ నెలలోనే గైడు సారు సంతకానికి వెళ్ళాల్సి ఉంది.

"ఏమీ జరగలేదప్పా. దినానికి మూడు తూర్లు నేనే సూసినాను గదా. ఏమన్నా జరిగుంటే రాయకుండా ఉంటానా?"

"అది గాదన్నా, బాగా గుర్తు సేసుకో."

"గుర్తు సేసుకునేదానికి ఏముండాది? వేడి ఒక్క డిగ్రీ కదల్లేదు."

అతను గ్రాఫు కాగితం మడిచాడు. "సరేలేన్నా. నీ రీడింగులో తప్పుండదు. తప్పు నా లెక్కలోనే ఉండాది," అన్నాడు. అని, మిగిలిన చెనక్కాయలు కూడా నా వైపే జరిపాడు.

అవి తిన్నానా? తిన్నాను. బాగున్నాయి కూడా.

మర్నాడు పూల బజారుకు వెళ్ళి అలాంటి దండే కొని, పక్కన కిరాణా కొట్లో తూచమన్నాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "పూలు మూరలెక్క గదప్పా, తూకమేంది? ఎవురికన్నా తులాభారం మొక్కుకున్నావా?" అని గట్టిగా అన్నాడు. జనం నవ్వారు. కిలోన్నర తూగింది. ఆరు కిలోల రాళ్ళ మీద కిలోన్నర, అంటే కడ్డీ మీద అదనంగా పదిహేను. అక్కడితో ఊరుకున్నానా? లేదు. దండను స్టోరు గదిలో తగిలించి, రోజూ ఒకే వేళకు ల్యాబు త్రాసులో తూచి రాసుకున్నాను. పూలు ఎండేకొద్దీ బరువు తగ్గింది. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. రోజూ ఎంత బరువు మిగిలిందో గీత గీశాను. మునిరత్నం గ్రాఫులో మెట్టు లేచి తగ్గిన తీరును దాని పక్కన పెట్టి చూశాను. కవల పిల్లలు!

సిగ్గుపడాల్సింది పోయి ఆ క్షణంలో ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పదో తరగతి, ఐటీఐ చదివినవాణ్ణి. పెద్ద పెద్దవాళ్ళు బుర్ర బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్నకు జవాబు నా చేతిలో ఉంది. నా జీవితం మొత్తానికి నేను చేసిన పరిశోధన అదొక్కటే, అది నూటికి నూరుపాళ్ళూ సరైంది. ఎవరికీ చూపలేను. కాగితం చింపి, ఇంటికి తీసుకెళ్ళి కట్టెల పొయ్యిలో వేశాను.

గైడు సారు మాత్రం ఆ మెట్టు చూసి పసిపిల్లవాడైపోయారు. లోహం ఒకచోట అలసిపోయి ఒళ్ళు వదిలేసి, మళ్ళీ కూడదీసుకుంటోందట. ఎవరూ చూడని గుణమట. మునిరత్నం అప్పటికే ఒక లెక్క కట్టి ఉన్నాడు. మూడు వరుసలు, అరచేతిలో రాసుకోవచ్చు. నలభై రోజుల రీడింగులకూ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కానీ అందులో మెట్టు లేదు. ప్రకృతి ఇంత తేలిగ్గా ఉండదయ్యా, ఇది పక్కన పెట్టి మెట్టును పట్టుకో అన్నారు సారు. పక్కన పెట్టాడు. మూడు వరుసల లెక్క మూడు పేజీలయింది. కంప్యూటరుకు లెక్క అందించే చిల్లుల కార్డుల కట్టలు సంచిలో వేసుకుని మద్రాసు బస్సెక్కి, అక్కడి కంప్యూటరు దగ్గర రోజంతా వరుసలో నిలబడి, జవాబు తప్పని తెలుసుకుని తిరిగొచ్చేవాడు. పూలు ఎలా ఎండుతాయో లెక్క కడుతున్నానని పాపం అతనికి తెలియదు.

అలా ఏడాదిన్నర. ఈలోగా చిత్తూరులో ఒక కాలేజీలో లెక్చరరు పోస్టు పడింది. థీసిస్ ఇచ్చి ఉంటే మునిరత్నానికి తిరుగుండేది కాదు. ఇవ్వలేదు, ఇంకెవరికో పోయింది. పుత్తూరులో మేనమామ కూతురితో పెళ్ళి ఉద్యోగం వచ్చాకే అనుకున్నారు. ఆ అమ్మాయి లోహం సాగడం ఆగిందా లేదా అని ఉత్తరాలు రాసేది. అవి నాకు చదివి వినిపించి పడీ పడీ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి, తేలు కుట్టిన దొంగలాగా. నా పర్మనెంటు ఆర్డరు మాత్రం వచ్చింది. మైసూరుపాకు పంచాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఒప్పుకోలు కాదు, తమాషా కథ. అసలు తప్పు తర్వాతది.

మెట్టు నిజమని రుజువు కావాలంటే అది రెండోసారి కూడా రావాలి. కొత్త కడ్డీ పెట్టాం. నలభై రోజులు, యాభై, అరవై. గీత నేరుగా పోతూనే ఉంది, సరిగ్గా ఆ మూడు వరుసల లెక్క చెప్పిన దారినే. మునిరత్నం రోజూ దాన్ని చూసేవాడు. చూసి, కడ్డీలోనే ఏదో లోపం ఉందనేవాడు. మెట్టు రాకపోతే థీసిస్ కదలదన్నారు సారు. అతను టిఫిన్ మానేశాడు. నవ్వడం తగ్గించాడు. ఉత్తరాలు చదివి వినిపించడం కూడా మానేశాడు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఉద్యోగం పర్మనెంటయింది, గైడు సారు నాలుగు తిట్లు తిడతారు, అంతకంటే ఏం చేస్తారు? మరి ఏం అడ్డొచ్చింది? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఒకటే జవాబు దొరుకుతుంది. మొదటి రోజే చెప్పి ఉంటే తప్పు దండది. ఏడాదిన్నర తర్వాత చెబితే తప్పు నాది. నా రీడింగులో తప్పుండదని నమ్మి చెనక్కాయలు జరిపినవాడి ముఖం చూడాలి. ఆ ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఒక గురువారం పూల బజారుకు వెళ్ళాను. పండగ లేదు, పబ్బం లేదు. పెద్ద చామంతి దండ కొన్నాను, నీళ్ళు దండిగా చల్లించాను. ఎవరూ లేనప్పుడు రేకు పెట్టె తలుపు తీసి కొక్కేనికి తగిలించాను. ఈసారి గంధం పెట్టలేదు, దణ్ణం పెట్టుకోలేదు. నేను చేస్తున్నదేమిటో నాకు పూర్తిగా తెలుసు. అతను బాగుపడాలనే చేశాను. ఆ మాట నిజమే, కానీ నా అబద్ధం బయటపడకూడదని కూడా చేశాను. రెంటిలో ఏది ఎక్కువ? తూచడానికి దీనికి త్రాసు లేదు.

మర్నాటికే మెట్టు లేచింది. మునిరత్నం వరండా అంతా పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను ఎత్తి తిప్పాడు. సారు అందరికీ పాయసం చేయించారు. థీసిస్ వెళ్ళింది, డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, పుత్తూరులో పెళ్ళయింది. నేను మొదటి బంతిలో కూర్చుని మూడు ఓళిగలు తిన్నాను. థీసిస్ మొదట్లో నా పేరు రాసి, ఒక్క అంకె కూడా తప్పు రాయని మనిషి అని పెట్టాడు. బస్సులకేమైనా అయిందా అని మీకు కంగారుగా ఉంటుంది. ఏమీ కాలేదు. ఆ థీసిస్ లైబ్రరీ బీరువా దాటలేదు. డిపో మెకానిక్కులు ఎప్పటిలాగే ఇంజను చప్పుడు విని పిస్టన్లు మార్చుకున్నారు.

కాబట్టి ఇన్నేళ్ళూ లెక్క ఇలా వేసుకున్నాను. నా వల్ల మునిరత్నానికి పోయింది రెండేళ్ళు. తర్వాత అంతా మంచే జరిగింది. రెండేళ్ళ పాపం, నలభై ఏళ్ళ గుబులు, దానికీ దీనికీ చెల్లు అనుకుంటూ హాయిగానే బతికాను.

అతని రిటైర్మెంటు సభకు పిలిస్తే వెళ్ళాను. ముందు వరుసలో కూర్చోబెట్టాడు. మైకు పట్టుకుని పిల్లలకు చెప్పాడు. చిన్నప్పుడు మూడు వరుసల్లో ఒక లెక్క కట్టాను, చూడముచ్చటగా ఉండింది, లోహం దాన్ని ఒప్పుకోలేదు, ఆనాటి నుంచి నా బుర్రకు తేలిగ్గా తట్టినదాన్ని ఏదీ నమ్మలేదు, ఎన్నో లెక్కలు కట్టి కూడా తప్పేమోనని సొరుగులోనే పెట్టేశాను, మీరూ అందంగా ఉన్నదాన్ని నమ్మొద్దు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ మధ్యలో ఆపేశాను.

రెండేళ్ళా నేను లెక్క వేసింది? అంత తెలివైనవాడు బతుకంతా తన తెలివిని అనుమానించుకున్నాడు. ఆ సొరుగులో ఎన్ని మంచి లెక్కలున్నాయో ఎవరికి తెలుసు? సభ అయ్యాక దగ్గరికొచ్చి నా భుజం మీద చేయి వేసి, "అన్నా, నీకు బీపీ ఏమన్నా ఉండాదా? సెమటలు పడతా ఉండాయే," అన్నాడు. లేదన్నాను. ఆటో ఎక్కించి పంపించాడు.

ఇప్పుడు ఇది రాశాను. క్షమించమని అడగడానికి కాదు. అతన్ని అడిగితే క్షణంలో క్షమిస్తాడు, పైగా కడుపు పట్టుకుని నవ్వుతాడు, అంత మంచివాడు. నాకది వద్దు. ఎక్కడైనా చదివితే చదవనీ. పొద్దుటి నుంచి రాస్తుంటే మా ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చి, ఏంది, వీలునామానా అని ఎగతాళి చేసి వెళ్ళింది. నాకు మాత్రం ఒళ్ళంతా తేలిగ్గా, కొంచెం ఆకలిగా కూడా ఉంది.

మునిరత్నం మొదట కట్టిన లెక్క సరైంది. ఆ మూడు వరుసలూ సరైనవే. ఈ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పటిదాకా ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు.